క్వాంగ్ మాష్టారి నిజమైన పడవ

మా ఊళ్ళో కెమెరా మెడలో వేసుకున్న ప్రతివాడూ మాష్టారే. పళ్ళ డాక్టరు మాష్టారు, పెట్రోలు బంకు యజమాని మాష్టారు, రిటైరైన జైలు వార్డరు కూడా మాష్టారే. ఎవరు ఎవరికి ఏం నేర్పారని అడక్కండి. ఒకరినొకరు అలా పిలుచుకుంటూ ఉంటే కాసేపటికి అందరికీ నిజంగానే ఏదో వచ్చినట్టు ఉంటుంది. ఈ మాష్టార్లందరికీ పెద్ద మాష్టారు క్వాంగ్ షియీ.

ఆయన ఉద్యోగమంతా జిల్లా సాంస్కృతిక కార్యాలయంలో మీటింగుల ఫోటోలు తీయడంతో గడిచింది. వేదిక మీద వరసగా నాయకులు, వాళ్ళ ముందు మూతపెట్టిన టీ కప్పులు, వెనక ఎర్రగుడ్డ. ఆ పనిలో సూత్రం ఒక్కటే, ఏ నాయకుడి కళ్ళూ మూసుకుని కనబడకూడదు. ఎవరైనా కునుకు తీస్తే ఇంకో ఫోటోలోంచి తెరిచిన కళ్ళు తెచ్చి అతికించాలి. ఈ అతికింపులో క్వాంగ్ మాష్టారు మొనగాడు. ఒకసారి తొందరలో ఒక ఉపాధ్యక్షుడికి ఇంకో ఉపాధ్యక్షుడి కళ్ళు పెట్టేశారట. ఆయన ఆ ఫోటో చూసుకుని, "ఈ మధ్య నా ముఖంలోకి కళ వచ్చింది సుమా" అని మురిసిపోయాడట. మా అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా నవ్వులో పడి కూరలో ఉప్పు రెండోసారి వేస్తుంది.

రిటైరయ్యాక ఆయనకి హఠాత్తుగా ప్రశాంతత కావలసి వచ్చింది. నిశ్చలమైన నీళ్ళు, పొగమంచు, తెడ్డు పడవ, పడవలో బొటనవేలి గోరంత మనిషి. ఇవి తప్ప ఇంకేవీ తీయనని ప్రకటించారు. మర పడవ వినబడితే చెవులు మూసుకునేవారు. మా ఊరు ఆయనకి సరిగ్గా సరిపోయింది. ఎగువన డ్యాము అడుగునుంచి మా ఏట్లోకి వదిలే నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి ఎండాకాలంలో పొద్దునపూట మా నీళ్ళ మీద మంచు లేస్తుంది. కరెంటు తయారీకి నీళ్ళు వదిలితే మంచు ఉంటుంది, వదలకపోతే ఉండదు. క్వాంగ్ మాష్టారు మాత్రం దీన్ని "ప్రకృతి శ్వాస" అని తన శిష్యులకి చెప్పేవారు. ప్రకృతి శ్వాస తీసుకుంటుందో లేదో కనుక్కోవడానికి ముందురోజు డ్యాము వాచ్‌మన్‌కి ఫోన్ చేసేవారు.

శిష్యులు బస్సుల్లో దిగుతారు. ఒడ్డున చెక్క మెట్ల మీద కెమెరా స్టాండ్లు నిలబెట్టుకుంటారు. అప్పుడు తాన్ బయల్దేరుతాడు. తాన్ అంటే మా ఊరి ముసలి జాలరి. ముసలీ కాదు, జాలరీ కాదు. పింగాణీ పలకల లారీ తోలేవాడు. గడ్డం పెంచి, దానికి తెల్లరంగు వేయించుకుని, తలమీద వెదురు టోపీ, వీపున పీచు గొంగడి వేసుకుని పడవ ఎక్కితే శిష్యురాళ్ళకి కళ్ళు చెమరుస్తాయి. వాన లేకుండా గొంగడి ఎందుకని ఒక్కరూ అడగరు. చేపలు పట్టడం మా దగ్గర ఎప్పుడో నిషేధించారు. తాన్ విసిరే వలకి సీసపు గుళ్ళు ఉండవు. గుళ్ళుంటే వల గబుక్కున మునిగిపోతుంది. లేకపోతే గాలిలో గొడుగులా విచ్చుకుని, మాష్టార్లు బటన్లు నొక్కేదాకా ఆగుతుంది. పడవ కింద చేపలు బలిసిపోయి హాయిగా తిరుగుతుంటాయి.

క్వాంగ్ మాష్టారు ఒడ్డున వాకీటాకీ పట్టుకుని నిలబడతారు. బుగ్గన వక్క పెట్టుకుని ఆజ్ఞలు ఇస్తారు.

"తాన్, గడ్డం పైకి! ఇంకొంచెం. దిగులుగా చూడు."

"ఎవర్ని చూడమంటారు మాష్టారూ?"

"ఎవర్నీ కాదు. కాలాన్ని చూడు."

"అది ఏవైపుంది?"

"ఎడమవైపురా వెధవా, సూర్యుడి కేసి!"

ఇదీ ప్రశాంతత.

ఆ ప్రశాంతతకి రోజూ ఒక మనిషి అడ్డం వచ్చేది. మాన్‌గూ అత్త. మా నూడిల్స్ కొట్టు వెనకే ఆవిడ ఇల్లు. అవతలి ఒడ్డున ఆవిడకి మిరప, ముల్లంగి వేసే కాస్త నేల ఉంది. బస్సులో పోతే వంతెన మీదుగా చుట్టు తిరగాలి కాబట్టి తెడ్డు పడవలో పోతుంది. ముందుకి చూస్తూ నిలబడి, రెండు తెడ్లు గుండెల దగ్గర ఒకదాన్నొకటి దాటేలా పట్టుకుని, ఒళ్ళంతా మోపి తోస్తుంది. పడవలో గులాబీ రంగు ప్లాస్టిక్ బకెట్ల నిండా కోడిపెంట. ఒంటిమీద నారింజ రంగు లైఫ్ జాకెట్. అది లేకపోతే నీటి కాపలావాళ్ళు పడవ లాక్కుపోతారు.

సరిగ్గా తాన్ కాలాన్ని చూసే సమయానికి ఆవిడ మంచులోంచి దూసుకొచ్చేది.

"మాన్‌గూ! ఫ్రేములోంచి తప్పుకో!"

"ఫ్రేము మీది మాష్టారూ. నీళ్ళు మీ నాయన తవ్వించాడా?"

దీని వెనక ఒక పాత సంగతి ఉంది. బస్సుల్లో వచ్చే మాష్టార్ల ఫోటోలకి కూలికి నిలబడే మోడళ్ళ జట్టు ఊళ్ళో కట్టినప్పుడు మాన్‌గూ అత్త కూడా వచ్చింది. తలకి నూనె రాసుకుని, కొత్త నీలం జాకెట్టు వేసుకుని, ఆడపిల్లల వరసలో చివర నిలబడింది. మా దగ్గర మోడల్ అంటే మామూలు మాట కాదు. మోడళ్ళకి పెళ్ళి విందుల్లో ముందు బల్ల దగ్గర కుర్చీ వేస్తారు. ఎంపిక చేసింది క్వాంగ్ మాష్టారు. ఆవిడ ముందు ఆగి, తల పక్కకి వంచి చూసి, "ముఖం మరీ గుండ్రం. దిగులు నిలవదు, జారిపోతుంది" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. మర్నాడు పెంట బకెట్లేసుకుని, అందరి ఫ్రేముల మధ్యనుంచీ పడవ పోనిచ్చింది.

ఇక క్వాంగ్ మాష్టారి అసలు జబ్బు గురించి చెప్పాలి. ఆయనకి రాష్ట్ర ఫోటోగ్రాఫర్ల సంఘంలో సభ్యత్వ కార్డు కావాలి. అది వస్తే కళాకారుడు. రాకపోతే రిటైరైన గుమాస్తా. చచ్చిపోయాక జిల్లా పేపర్లో ఏమని వేస్తారో అన్న బెంగతో ఆ మనిషి బతికున్న రోజులన్నీ పాడుచేసుకున్నాడు. కార్డు రావాలంటే సంఘం ప్రదర్శనల్లో తగినన్ని ఫోటోలు ఎంపికవ్వాలి. ఆయనకి ఇంకొక్కటి తక్కువ. వయసు పరిమితి దాటిపోతోంది, ఈ ప్రదర్శనే ఆఖరిది. ఆయన శిష్యుడు, పళ్ళ డాక్టరు ఔయాంగ్, అప్పటికే కార్డు తెచ్చుకుని, దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడేలా పెట్టుకుని తిరుగుతున్నాడు. అతని ముందు కూర్చుని నూడిల్స్ తినేటప్పుడు క్వాంగ్ మాష్టారి కళ్ళు గిన్నెలో ఉండేవి కావు.

ఒకరోజు మా కొట్లో ఔయాంగ్ చల్లగా ఆ కబురు చెప్పాడు.

"ఈసారి రూలు మార్చారు మాష్టారూ. కూలి మోడళ్ళు పనికిరారు. మనుషుల్ని పెట్టి తీసిన ఫోటో అని తెలిస్తే అక్కడికక్కడే అవతలికి. ఫోటోలో మనిషికి ఫోన్ చేసి మరీ అడుగుతారట."

"పెట్టి తీయనిది ఇంకేముంది ప్రపంచంలో?" అన్నారు క్వాంగ్ మాష్టారు. ఆయన అంత నిజాయితీగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

ఔయాంగ్ వెళ్ళాక నావైపు తిరిగారు.

"ఒరేయ్, నువ్వు పట్నంలో కాలేజీ మానేసొచ్చి ఇక్కడ ఖాళీగానే ఉన్నావు గదా, అన్నీ చూస్తుంటావు. ఈ నీళ్ళ మీద నిజంగా తెడ్డేసే మనుషులు ఎవరున్నార్రా?"

"రోజూ మీరు తప్పుకోమని అరుస్తారు చూడండి, ఆవిడే."

"ఆవిడ కాక?"

"ఆవిడ కాక తాన్. తాన్ సంగతి మీకే తెలుసు."

ఆయన వక్క ఉమ్మేసి లేచారు.

మర్నాడు మాన్‌గూ అత్త పెరట్లో ఆ ఇద్దరి మాటలూ మా వంటింటి కిటికీలోంచి విన్నాను. వినకుండా ఎలా ఉంటాం, రెండు గోడల మధ్య పిల్లి కూడా పక్కకి తిరిగి నడవాలి.

"మాన్‌గూ, రేపు నువ్వు మామూలుగా పొలానికి వెళ్ళు."

"రోజూ పోయేది మామూలుగానే గదా మాష్టారూ. తలకిందులుగా పోతున్నానా?"

"అదే అదే. కాకపోతే ఆ నారింజ జాకెట్టు తీసేసి మామూలుగా."

"తీసేస్తే పడవ లాక్కుపోతారు. మీరు మోసుకొస్తారా నా బకెట్లు?"

"బకెట్లు కూడా... ఆ రంగేమిటి? వెదురు బుట్టలుంటే ఎంత సహజంగా ఉంటుంది!"

"కోడిపెంట వెదురు బుట్టలో పోస్తే కారుద్ది. ఒడ్డున మీ బూట్లదాకా వస్తుంది, మరి మీ ఇష్టం."

"సరే, కనీసం నెమ్మదిగా తోయి. నీళ్ళని ప్రేమించినట్టు."

"నీళ్ళని ప్రేమిస్తే కింద పట్నందాకా పోతాను. డ్యాము వదిలినప్పుడు ఆ లాగుడు మీకేం తెలుసు? పొయ్యి మీద గంజి పొంగుతోంది, వెళ్ళండి."

నిజమైన మనిషి దొరికితే నిజమైన మనిషిలా నటించమని అడగడం, ఇది క్వాంగ్ మాష్టారికే చెల్లింది. అంతకంటే చెప్పుకోవలసింది ఆయన తర్వాత చేసిన పని. వెనక్కి తగ్గారు. శిష్యులకి సెలవిచ్చేశారు. వాకీటాకీ ఇంట్లో పెట్టేశారు. అవతలి ఒడ్డున వెదురు పొదల్లో దోమల మధ్య ఒక్కరే రోజుల తరబడి కూర్చున్నారు. మొదటి రోజుల్లో తాన్ ఈ సంగతి చెప్పుకుని పడీపడీ నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గింది. ఎందుకంటే మాష్టారు అందరి ముందూ ప్రకటించారు, కార్డు వచ్చాక ఇక జన్మలో కూలి మోడల్ని తీయనని, తన వెంట బస్సుల్లో వచ్చే శిష్యుల్నీ తీయనివ్వనని. తాన్ తన గడ్డం నిమురుకుంటూ నిలబడిపోయాడు.

మొత్తానికి ఫోటో దొరికింది. మా కొట్టు బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి చూపించారు. నేను ఆయన్ని పొగడను, కాని ఆ ఫోటోలో పడవ నిజంగా కదులుతోంది. మంచు సగం విరిగింది. మాన్‌గూ అత్త తెడ్ల మీద ఒరిగి, నోరు తెరిచి ఎవర్నో తిడుతోంది. జాకెట్టు బెల్టు ఊడి ఎగురుతోంది. గులాబీ బకెట్టు మీద ఒక కోడిపెట్ట కాళ్ళు బిగించుకుని నిలబడి ఉంది. పొలంలో గుడ్లు పెట్టడం అలవాటైన కోడి అది, ఆవిడతో పడవలో పోతుంది. నీళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి, మనిషీ కోడీ మాత్రం ప్రశాంతంగా లేరు. ఇన్నేళ్ళలో ఆయన తీసినవాటిలో నేను రెండోసారి చూసింది అదొక్కటే.

ఆయన మాత్రం అది చూస్తూ బాధపడిపోతున్నారు.

"ఆ బకెట్టు..." అన్నారు. వేలు మౌసు మీదికి పోయింది. ఉపాధ్యక్షులకి కళ్ళు మార్చిన వేలు అది. "ఒక్క బకెట్టు తీసేస్తే ఏమవుతుందిరా?"

"కోడి గాల్లో ఉంటుంది," అన్నాను.

తీయలేదు. ఉన్నదున్నట్టు పంపారు. భయంతోనే అనుకోండి, పంపారు.

ఫోటో ఎంపికలో చివరి వడపోతదాకా వెళ్ళింది. ఆ తర్వాత అనుమానం వచ్చింది. అనుమానం ఫోటో మీద కాదు, మా ఊరి మీద. ఇన్నేళ్ళుగా మా నీళ్ళ మీద పడవ, మంచు, ముసలాయన అని పంపి పంపి సంఘంవాళ్ళకి మా ఊరి పేరు వింటేనే నాటకం గుర్తొచ్చేలా చేశారు. చేసింది ఎవరో వేరే చెప్పాలా? నారింజ జాకెట్టు, గులాబీ బకెట్టు, వాటి మీద కోడి, ఇంత కుదురుగా ఎలా కుదిరింది, ఎవరు రంగులు ఎంచారు అని న్యాయనిర్ణేతలకి సందేహం. అందుకని ఫలానా రోజు పొద్దున్న ఆవిడతో ఫోన్‌లో మాట్లాడతాం అన్నారు.

మాన్‌గూ అత్త ఫోన్‌లో సరిగ్గా వినబడదు కాబట్టి మా కొట్లో, క్వాంగ్ మాష్టారి ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడించాలని ఏర్పాటు. ఊరు సగం వచ్చింది. తాన్ గడ్డంతో సహా వచ్చాడు. ఎర్ర గొడుగులేసుకుని ఫోటోలకి నిలబడే మోడలమ్మాయిలు ఆ గొడుగులు మడిచి పట్టుకుని గోడ పక్కన నిలబడ్డారు. ఔయాంగ్ ఒక గిన్నె నూడిల్స్ చెప్పి, మిరప ముక్కలు ఎక్కువ వేయించుకుని, మంచి చోటు చూసుకుని కూర్చున్నాడు.

మాన్‌గూ అత్త తలకి నూనె రాసుకుని, నీలం జాకెట్టు వేసుకుని వచ్చింది. ఫోన్‌లో మాట్లాడటానికి.

"చూడు మాన్‌గూ," అన్నారు క్వాంగ్ మాష్టారు. చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. "నువ్వేం కల్పించనక్కర్లేదు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. అంతే. నా జీవితం నీ చేతుల్లో ఉంది."

"మీ జీవితం నా చేతుల్లో ఎందుకుంటుంది, బకెట్లున్నాయి," అంది ఆవిడ. అందరూ నవ్వారు. ఆవిడకి ఆ నవ్వు నచ్చింది. కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

ఫోన్ మోగింది. అవతల ఎవరో మర్యాదగల ఆడమనిషి.

"అమ్మా, ఫోటోలో ఉన్నది మీరేనా?"

"నేనేనండి."

"మీరు రోజూ అలా పడవలో వెళ్తుంటారా? పొలానికి ఎరువు మోసుకుని?"

మాన్‌గూ అత్త నోరు తెరిచింది. తెరిచి, చుట్టూ చూసింది. మోడలమ్మాయిలు చూస్తున్నారు. తాన్ చూస్తున్నాడు. రాజధాని నగరం ఆవిడని ఒక మాట అడిగింది, నువ్వు రోజూ పెంట మోసుకుంటావా అని. ఊరంతా వింటోంది.

"రోజూనా?" అంది. "అబ్బే! ఈ రోజుల్లో అలా ఎవరు పోతారండి? నేను మోడల్ని."

ఔయాంగ్ చాప్‌స్టిక్స్ గాలిలో ఆగాయి.

"మోడలా?"

"అవునండి. పాత మోడల్ని. మాష్టారే నేర్పారు. గడ్డం పైకెత్తడం, దిగులు... అన్నీ."

"మరి ఆ బకెట్లు?"

"సెట్టింగండి."

"కోడి?"

"కోడికి మాత్రం నేర్పడం కష్టమైంది."

క్వాంగ్ మాష్టారు బల్లమీంచి ఫోన్ లాక్కున్నారు. ఆ సమయంలో ఆయన ఒక్క క్షణం ఊరుకుని ఉంటే ఈ కథ నేను ఇంకోలా రాసేవాణ్ణేమో. ఊరుకోలేదు.

"అబద్ధం మేడమ్! ఈవిడ మోడలేమిటి? మోడల్‌గా పనికిరాదని తీసేసింది నేనే! ఆ ముఖం చూస్తే మీకే తెలుస్తుంది, గుమ్మడికాయలా ఉంటుంది. పెంట మోసుకు బతికే మనిషి! వాసన భరించలేక బస్సులో కూడా ఎక్కించుకోరు! నిజమైన మనిషి మేడమ్, నూటికి నూరుపాళ్ళు నిజమైన మనిషి!"

కొట్లో ఎవరూ నవ్వలేదు. మాన్‌గూ అత్త తన చేతుల కేసి చూసుకుంటోంది.

"మరి ఎవరి మాట నమ్మమంటారు?" అంది ఫోన్‌లో ఆవిడ, ఇంకా మర్యాదగానే.

"ఇక్కడ ఊరంతా ఉంది! తాన్, చెప్పరా! ఈవిడ ఎవరో చెప్పు!"

తాన్ నెమ్మదిగా లేచాడు. తెల్లగడ్డం సవరించుకున్నాడు. నీళ్ళ మీద ఎన్నడూ కుదరని గాంభీర్యం అప్పుడు అతని ముఖంలోకి వచ్చింది.

"మాన్‌గూ వదినా?" అన్నాడు. "మా జట్టే మేడమ్. నాకంటే సీనియరు."

జాలితో అన్నాడనుకోకండి. అతని గడ్డం సంగతి అతను చూసుకున్నాడు. గోడ పక్కనుంచి గొడుగులమ్మాయి ఒకతె, "మాకు నడక నేర్పింది అక్కే," అంది. వాళ్ళ గొడుగుల సంగతి వాళ్ళు చూసుకున్నారు. ఔయాంగ్ మాత్రం నోరు విప్పలేదు. విప్పనక్కర్లేకుండానే పని జరుగుతుంటే నూడిల్స్ ఎందుకు చల్లార్చుకుంటాడు?

"అర్థమైంది. ధన్యవాదాలు," అని ఫోన్ పెట్టేశారు అవతల.

క్వాంగ్ మాష్టారు ఆ ఫోన్‌ని చేతిలో అలాగే ఉంచుకున్నారు. మాన్‌గూ అత్త లేచి, కుర్చీ సరిగ్గా బల్ల కిందకి తోసి, వెనక తలుపులోంచి ఇంటికి పోయింది.

ఆ తర్వాత ఆవిడ పడవ ఎక్కలేదు. మోడల్ని అని రాజధానికి చెప్పుకున్న మనిషి మర్నాడే పెంట బకెట్లతో ఊరందరి ముందునుంచీ తోసుకుపోతే ఏం బాగుంటుంది? వంతెన మీదుగా చుట్టు తిరిగి బస్సులో పోతోంది. కండక్టరు ముక్కు మూసుకుని గొడవపడితే, "మాష్టారు ముందే చెప్పారులే నాయనా నువ్విలా అంటావని," అని కిటికీ పక్కన కూర్చుంటోంది. పడవని ఒడ్డున బోర్లించేసింది. ఇప్పుడు మా నీళ్ళ మీద తెడ్డేసేది తాన్ ఒక్కడే. శిష్యులకి ఏ ఇబ్బందీ లేదు, ఫ్రేములు శుభ్రంగా ఉంటున్నాయి.

కొన్నాళ్ళకి క్వాంగ్ మాష్టారు ఆవిడ ఇంటికి వచ్చారు. మనిషి సగమయ్యారు. క్షమాపణకే వచ్చారనుకున్నాను. చంకలో ఆ ఫోటో, పెద్ద చెక్క ఫ్రేములో అద్దం వేయించి తెచ్చారు. రెండు చేతులతో ఇచ్చారు. ఆవిడ గడప దాటి వచ్చి తీసుకుంది.

"నీకోసమే కట్టించాను మాన్‌గూ. ఆ రోజు నేను... తొందరపడ్డాను."

"సరే."

"నీ ముఖం బాగా వచ్చింది ఇందులో."

"సరే."

"ఫలితాలు ఇంకా బయటపెట్టలేదట," అన్నారు గొంతు తగ్గించి. "ఒక్కసారి వాళ్ళకి ఫోన్ చేసి, ఆ రోజు సరదాకి అన్నానని చెప్పావంటే..."

మాన్‌గూ అత్త ఆయన కేసి చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో. కుళ్ళిన ముల్లంగిని తిప్పి చూసి గట్టు మీద పారేసేటప్పుడు చూసే చూపు. ఫ్రేమును గుమ్మంలో బోర్లా పెట్టింది. కత్తి తెచ్చి, వెనక కొట్టిన చిన్న మేకులు ఒక్కొక్కటే లేపింది. అట్ట తీసింది, ఫోటో తీసింది, అద్దం జాగ్రత్తగా తీసి జాకెట్టు అంచుతో తుడిచి వెలుతురుకి పెట్టి చూసింది.

"కోళ్ళగూడు కిటికీకి సరిగ్గా సరిపోతుంది," అంది. ఫోటోని చుట్టగా చుట్టి ఆయన చేతిలో పెట్టింది. "ఇది తీసుకెళ్ళండి మాష్టారూ. మా ఇంట్లో గోడలు ఖాళీ లేవు."

గోడలన్నీ ఖాళీగానే ఉన్నాయి. నేను కిటికీలోంచి చూస్తున్నాను గదా.